ముక్కు దిబ్బడే కదా అనుకున్నా: నా ఎడమ కంటి కథ

నేను అనంతపురం జిల్లా అమ్మాయిని. కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె మాది. వయసు 24. ఇప్పుడు అనంతపురంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తున్నా.

మీరు ఈ వీడియో ఫోన్లో చూస్తున్నారు కాబట్టి నా ముఖంలో తేడా ఏమీ తెలియకపోవచ్చు. రెండు కళ్లూ ఉన్నాయి, రెండూ కదుల్తాయి. కానీ నా ఎడమ కన్నుతో చూస్తే ఎదురుగా ఎవరో ఉన్నారని తెలుస్తుంది, అంతే. ఎవరో గుర్తుపట్టలేను. చెయ్యి బాగా దగ్గరికి తెస్తే వేళ్లు లెక్కపెట్టగలను.

కంటికి దెబ్బ తగల్లేదు. నాకు షుగర్ లేదు. పుట్టుకతో వచ్చిన లోపం కూడా కాదు. నా కంటి చూపు ముక్కు వల్ల పోయింది. అవును, ముక్కే. మొదటిసారి డాక్టర్ చెప్పినప్పుడు నేను కూడా మీలాగే "ముక్కేంటి, కన్నేంటి" అన్నాను.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీఎస్సీ చదివాను. ఈరోజు చెప్పే వైద్యం సంగతులు నాకు చూసిన డాక్టర్లు చెప్పినవి, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నవి. మిమ్మల్ని భయపెట్టడానికి రాలేదు. నాకు నాలుగు నెలల ముందు ఎవరైనా ఈ మాటలు చెప్పి ఉంటే బాగుండేది అనిపిస్తుంది. అందుకే వచ్చాను.

మా ఊరి గాలి

మా ప్రాంతం గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అనంతపురంలో ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అది కూడా పడితేనే. నైరుతి మేఘం మా దాకా వచ్చేసరికి ఖాళీ అవుతుంది, ఈశాన్యం మేఘం రాకముందే ఖాళీ అవుతుంది. ఆషాఢం గాలి మొదలైతే ఇంట్లో గిన్నెల మీద కూడా దుమ్మే. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు పోతే వేదవతి పక్కన ఇసుక దిబ్బలే ఉంటాయి, చూసినవాళ్లు రాజస్థాన్ అనుకుంటారు.

ఈ నేలలో మాకు తెలిసిన పంట ఒకటే, శనక్కాయ. పుస్తకాల్లో వేరుశనగ అంటారు. చిన్నప్పటి నుంచి కాయలు పీకడం, కొట్టడం, తూర్పార పట్టడం, కట్టె వామి వేయడం, అన్నిట్లో ఉన్నాను. సెలవులొస్తే మాకు అదే సమ్మర్ క్యాంప్.

ఇంటర్ రెండో సంవత్సరంలో, అంటే 2019 మొదట్లో, నాకు ఎడమ ముక్కు పట్టేయడం మొదలైంది. తుమ్ములు, నీళ్లు కారడం, పొద్దున లేస్తే తల బరువు. మా అవ్వ "పడిసెమే కదా పాప, అదే పోతాది" అనేది. మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అంటారు కదా. నాది నాలుగేళ్లు ఉంది.

మధ్యమధ్యలో మరీ ఎక్కువైతే ఊళ్లో ఒకాయన దగ్గరికి పోయేదాన్ని. సూది వేసేవాడు, మూడు రకాల మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేవాడు. అబ్బా, రెండు రోజుల్లో ముక్కు తెరుచుకునేది! వాసన కూడా తెలిసేది. మా అమ్మకి ఆయనంటే దేవుడే. మూడు వారాలకి మళ్లీ మొదలు. మళ్లీ సూది.

చాలా ఏళ్ల తర్వాత నాకు తెలిసింది, అలా మంత్రం వేసినట్టు తగ్గేది స్టెరాయిడ్ వల్ల కావచ్చని. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. ఈ జబ్బుకి డాక్టర్లు కూడా అదే వాడతారు. కానీ లోపల ఏముందో చూడకుండా వేస్తే, వాపు కొన్నాళ్లు తగ్గుతుంది, అసలు సరుకు అక్కడే ఉంటుంది. తగ్గింది కదా అని మనం డాక్టర్ దగ్గరికి పోం. నా విషయంలో జరిగింది ఇదే.

దానికి తోడు మెడికల్ షాపులో దొరికే ముక్కు చుక్కలు. వేసిన ఐదు నిమిషాలకే గాలి ఆడుతుంది. ఆ చుక్కలు వారానికి మించి వాడితే తిరగబడతాయి, చుక్క వేస్తేనే ముక్కు తెరుచుకునే స్థితి వస్తుంది. డిగ్రీలో హాస్టల్లో ఉన్నప్పుడు నా దిండు కింద ఎప్పుడూ ఒక సీసా ఉండేది. ఫోన్ ఛార్జర్ మర్చిపోయేదాన్ని కానీ ఆ సీసా మర్చిపోయేదాన్ని కాదు.

2021 నవంబర్

2021 నవంబర్‌లో రాయలసీమలో పడిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. చిత్రావతి పొంగింది, కదిరిలో ఇల్లు కూలింది. ఎప్పుడూ వాన కోసం ఏడ్చే జిల్లాలో ఆ నెల వాన ఆగితే చాలనుకున్నాం. మా శనక్కాయ అప్పుడు పీకి కుప్పలేసి ఉంది. మొత్తం తడిసింది. ఎండ వచ్చాక కుప్ప తిప్పితే లోపలంతా పచ్చని బూజు, పొగలాగా లేచింది. నాయన, నేను, అన్న, మూడు రోజులు ఆ కుప్పలో కూర్చుని మంచి కాయలు ఏరుకున్నాం. ముఖానికి గుడ్డ కూడా కట్టుకోలేదు. అప్పటికి కరోనా మాస్కులు ఇంట్లో డజను ఉన్నాయి, చూడండి. ఊరికి పోయేటప్పుడు పెట్టుకునేవాళ్లం, చేను దగ్గర ఎవరు పెట్టుకుంటారు?

ఆ మూడు రోజుల వల్లే నాకు జబ్బు వచ్చిందని నేను చెప్పను. అప్పటికే రెండున్నరేళ్లుగా ముక్కు పట్టేసి ఉంది. కానీ ఆ తర్వాత తేడా వచ్చింది. ముక్కు చీదితే ముదురు గోధుమ రంగులో గట్టిగా, జిగటగా ముద్దలు వచ్చేవి. రబ్బరులాగా సాగేవి. వాసన పూర్తిగా పోయింది. అమ్మ పోపు మాడిస్తే అందరూ దగ్గుతుంటే నేను హాయిగా కూర్చునేదాన్ని.

ఆ ముద్దల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. ముక్కులో నుంచి ఏమొచ్చిందో ఎవరికి చెప్తాం?

"ఎడమ కన్ను పెద్దగా వస్తాంది"

2022 నవంబర్ చివర్లో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది. 6,100 పోస్టులు. మా ఊళ్లో డిగ్రీ అయినవాళ్లందరికీ అదే పండగ. నేను అప్పటికే పొద్దున్నే పరుగు ప్రాక్టీసు చేస్తున్నా. అప్లికేషన్ కోసం ఫోటో దిగడానికి కళ్యాణదుర్గం పోయాను. స్టూడియో అతను రెండు మూడుసార్లు తీసి, "తల నిటారుగా పెట్టు పాప, ఎడమ కన్ను పెద్దగా వస్తాంది" అన్నాడు. నేను తల నిటారుగానే పెట్టాను. ఆయన కంప్యూటర్లో ఏదో సరిచేసి ఇచ్చాడు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్తే, అమ్మ నన్ను వెలుతురులో నిలబెట్టి చూసింది. నిజమే, ఎడమ కన్ను కొంచెం బయటికి, కొంచెం పక్కకి జరిగి ఉంది. అంతే, ఇంట్లో హడావుడి మొదలైంది. కన్ను ఎలా కనిపిస్తోందని అందరూ చూశారు. ఆ కన్నుతో నాకు ఎలా కనిపిస్తోందని ఒక్కరూ అడగలేదు. పెద్దమ్మ "సంబంధాలు చూసే వయసులో ఇదేంది" అంది. దిష్టి తీశారు. తాయెత్తు కట్టారు. నాకు కోపం రాలేదు, ఎందుకంటే నేను కూడా నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

2023 సంక్రాంతి రోజు స్నానం చేసి అద్దం ముందు బొట్టు పెట్టుకుంటున్నా. కుడి కంట్లో ఏదో నలుసు పడి ఆ కన్ను మూసుకున్నాను. ఎడమ కన్ను ఒక్కదానితో కుంకుమ భరిణె చూస్తే, కుంకుమ ఎర్రగా లేదు. ఇటుక పొడిలాగా, వెలిసిపోయిన రంగు. "అమ్మా, ఈ కుంకుమ కల్తీది" అని అరిచాను కూడా. తర్వాత కుడి కన్ను తెరిచాను. కుంకుమ ఎర్రగా ఉంది.

అలా రెండు కళ్లూ మార్చి మార్చి ఎన్నిసార్లు చూసుకున్నానో నాకే తెలియదు.

రెండు కళ్లు ఉండటంలో ఒక మోసం ఉందండి. ఒక కన్ను తగ్గిపోతుంటే రెండో కన్ను ఆ పని కూడా చేసేస్తుంది. మనకి తెలియనివ్వదు. నా ఎడమ కన్ను అంతకు ముందు ఎన్ని వారాల నుంచి తగ్గుతోందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసిన రోజు నుంచి లెక్కేస్తే, ఆపరేషన్‌కి నాలుగు నెలలు పట్టింది.

ఎందుకు పట్టింది? సంక్రాంతి తర్వాత వారానికే, జనవరి 22న, కానిస్టేబుల్ ప్రిలిమ్స్. పరీక్ష అయ్యాక చూద్దామనుకున్నా. ఇంట్లో చెప్తే పరీక్షకి పంపరు. రాశాను, పాసయ్యాను. ఫిబ్రవరిలో కళ్లద్దాల షాపుకి పోయాను. అక్కడ కంప్యూటర్‌తో టెస్ట్ చేసి అద్దాలిచ్చారు. ఎడమ కంటికి తేడా రాలేదు. "అలవాటు పడాలి" అన్నారు. నెల రోజులు అలవాటు పడ్డాను.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తా. ముక్కుకి సూది వేయించుకున్న చోట కన్ను గురించి చెప్పలేదు. అద్దాల షాపులో ముక్కు గురించి చెప్పలేదు. ఒకే ముఖంలో, వేలెడు దూరంలో ఉన్న రెండిటినీ రెండు వేర్వేరు ఊళ్లు అనుకున్నాను. నా పొరపాటు అదే.

టార్చి లైటు

ఏప్రిల్‌లో ఒక కంటి డాక్టర్ దగ్గర కూర్చున్నాను. ఆమె గదిలో లైటు ఆర్పి చిన్న టార్చి తీసుకుంది. కుడి కంట్లో వేసింది, ఎడమకి మార్చింది, మళ్లీ కుడికి. ఐదారుసార్లు అలా ఊపింది. మామూలుగా వెలుగు పడితే కనుపాప చిన్నదవ్వాలి. నా ఎడమ కంటి మీదికి వెలుగు వచ్చినప్పుడు కనుపాప చిన్నదవడం మానేసి పెద్దదవుతోందట. అంటే కన్ను చూస్తోంది కానీ ఆ కబురు మెదడుకి సరిగా చేరడం లేదు.

టార్చి ఆర్పి, "నీ కన్ను బాగుందమ్మా, కంటి వెనక నరం నలుగుతోంది. ముక్కు ఎన్నాళ్ల నుంచి పట్టేసి ఉంది?" అని అడిగింది.

నేను ముక్కు గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. నా గొంతు విని, నోటితో గాలి పీల్చడం చూసి అడిగింది. నాలుగేళ్లలో ఈ రెండిటినీ కలిపి చూసిన మొదటి మనిషి ఆమే. అదే రోజు సీటీ స్కాన్ రాసి, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పంపింది.

లోపల జరిగింది ఇది

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మన ముక్కు చుట్టూ ఎముకల్లో గాలి గదులు ఉంటాయి. అవే సైనస్‌లు. నాలుగు జతలు: నుదుట్లో, బుగ్గల్లో, రెండు కళ్ల మధ్యలో, ఇంకా బాగా లోపల, తల నడిమధ్యలో. ప్రతి గదికీ ముక్కులోకి ఒక చిన్న కిటికీ ఉంటుంది. గదిలో ఊరే తేమ ఆ కిటికీ గుండా బయటికి పోతూ ఉండాలి.

గాలిలో బూజు రేణువులు ఎప్పుడూ ఉంటాయి. నేను పీల్చుతాను, మీరూ పీల్చుతారు. చాలామందికి ఏమీ కాదు. కొందరి ఒంటికి మాత్రం ఆ బూజంటే పడదు. ఒళ్లు దాని మీద యుద్ధం మొదలుపెడుతుంది. లోపలి పొర వాస్తుంది, ద్రాక్షపళ్లలాంటి కండలు పెరుగుతాయి, వాటిని పాలిప్స్ అంటారు. కిటికీ మూసుకుపోతుంది. గది లోపల జిగట చిక్కబడి పేరుకుంటుంది. ఆ జిగటలో బూజు ఉంటుంది, బూజు ఉంది కాబట్టి ఒళ్లు ఇంకా జిగట ఊరిస్తుంది. ఆగదు. దీని పేరు అలర్జిక్ ఫంగల్ రైనోసైనసైటిస్. ఇది ఎక్కువగా వచ్చేది ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లకి, పడుచువాళ్లకి. షుగర్ ఉన్నవాళ్లకో, ముసలివాళ్లకో అనుకోకండి.

ఆ జిగటని ఇంగ్లీషు పుస్తకాల్లో పీనట్ బటర్‌తో పోలుస్తారు. నాకు డాక్టర్ ఆ మాట చెప్పినప్పుడు మా ఇంటి శనక్కాయల ఊరిబిండి గుర్తొచ్చింది. ఇంకో చిత్రం చూడండి. మన దేశంలో ఈ జబ్బులో ఎక్కువగా దొరికే బూజు పేరు ఆస్పర్జిలస్ ఫ్లేవస్. శనక్కాయ రైతులకి ఇది కొత్తది కాదు. పంట చివర్లో వాన లేక కాయ ఎండకి మాడితే, లేదా కోశాక తడిస్తే, కాయల మీద పట్టే పచ్చని బూజు ఇదే. అఫ్లాటాక్సిన్ అనే విషం చేసేదీ ఇదే. కరువుకి చచ్చే బూజు కాదిది. వేడిలో, కరువులో శనక్కాయని ఇంకా తేలిగ్గా పట్టుకుంటుంది. శనక్కాయ తింటే ఈ సైనస్ జబ్బు వస్తుందని అనుకోకండి. మంచి కాయలు హాయిగా తినండి. సమస్య బూజు దుమ్ము పీల్చడం, అది పడని ఒళ్లు.

మరి కన్ను? కళ్ల మధ్య ఉండే సైనస్‌కీ కంటికీ మధ్య గోడ ఒక పల్చటి ఎముక. దానికి డాక్టర్లు పెట్టిన పేరుకే "కాగితం ఎముక" అని అర్థం. గదిలో సరుకు పెరిగేకొద్దీ గోడ పల్చబడి పక్కకి జరుగుతుంది, కన్ను బయటికి వస్తుంది. ఇక తల నడిమధ్యలో ఉన్న సైనస్ గోడ పక్క నుంచే కంటి నరం మెదడుకి పోతుంది. కొందరిలో ఆ నరానికీ సైనస్‌కీ మధ్య ఎముక ఉండనే ఉండదు. అక్కడ సరుకు నిండితే నేరుగా నరాన్నే నొక్కుతుంది. నొప్పి కూడా పెద్దగా ఉండదు. నాకు తలబరువు తప్ప కంటి నొప్పి ఎప్పుడూ లేదు.

నా సీటీ స్కాన్‌లో గదులన్నీ బూడిద రంగులో నిండిపోయి, మధ్యలో తెల్లగా మెరిసే చారలు కనిపించాయి. ఆ జిగటలో కాల్షియం, ఇనుము, మాంగనీసు లాంటివి చేరడం వల్ల అలా మెరుస్తుందట. ఎంఆర్‌ఐ ఒక్కటే తీస్తే కొన్ని బొమ్మల్లో అదే సరుకు నల్లగా, ఖాళీ గాలి ఉన్నట్టు కనిపించి మోసం చేయగలదు. అందుకే దీనికి సీటీ ముఖ్యం. నా స్కాన్‌లో ఇంకొకటి కూడా కనిపించింది. కుడి వైపు గోడ కూడా పల్చబడుతోంది.

ఫంగస్ అన్న మాట

డాక్టర్ "ఫంగస్" అనగానే మా నాయన లేచి నిలబడ్డాడు.

2021 మే నెల మా అందరికీ గుర్తుంది. కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్. టీవీ పెడితే అదే. కన్ను తీసేశారు, దవడ తీసేశారు. ఆరోగ్యశ్రీలో కూడా దాన్ని చేర్చారు అప్పుడు. నాయన మనసులో ఫంగస్ అంటే కన్ను తీసేయడమే. "నా బిడ్డ కన్ను తీయనియ్యను" అని నన్ను ఇంటికి తీసుకొచ్చేశాడు. 15 రోజులు ఇంట్లోనే ఉన్నాం. ఎవరో చెప్పిన ఆకు పసరు ముక్కులో పోశారు.

ఆ తేడా నాకు అప్పుడు తెలిసుంటే నాయనకి చెప్పేదాన్ని. మీరైనా తెలుసుకోండి. బ్లాక్ ఫంగస్ అంటే మ్యూకర్‌మైకోసిస్. అది కండలోకి, రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతుంది, రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. అదుపులో లేని షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువ ప్రమాదం. నాకు వచ్చింది అది కాదు. నా బూజు కండలోకి పోదు, గదిలోనే ఉంటుంది. క్యాన్సర్ కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. కన్ను తీయాల్సిన పని లేదు, గది శుభ్రం చేస్తే చాలు. కానీ తొందరగా చేయాలి.

పదహారో రోజు నాకు ఎడమ కంటితో మా ఇంటి గడప కనిపించలేదు. ఆ సాయంత్రమే నాయన ఎద్దుల బేరం మాట్లాడాడు. మర్నాడు బెంగళూరు బస్సెక్కాం.

ఆపరేషన్

2023 మే నెలలో చేశారు. ముందు కొన్ని రోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు, ఈసారి రక్త పరీక్షలు చూసుకుంటూ, లెక్క ప్రకారం. తర్వాత మత్తు ఇచ్చి, ముక్కు రంధ్రం నుంచే సన్నని కెమెరా గొట్టం పంపి చేశారు. ముఖం మీద ఒక్క కోత లేదు, ఒక్క కుట్టు లేదు. పాలిప్స్ తీసి, కిటికీలు పెద్దవి చేసి, జిగటంతా తోడేశారు. తీసింది ల్యాబ్‌కి పంపారు. ఎంత తీశారో తర్వాత వీడియోలో చూపించారు. నేను చూడగలిగాను కానీ నాయన బయటికి పోయాడు.

నా పక్క మంచం మీద ఒక ఇంటర్ పిల్లాడు ఉండేవాడు. కర్ణాటక వైపు వాళ్లు. వాడికీ ఇదే జబ్బు, వాడికీ ఒక కన్ను మసకబారింది. కానీ మసకబారిన పదో రోజుకే వాడు ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. క్లాసులో బోర్డు కనబడటం లేదని మర్నాడే చెప్పాడట. ఆపరేషన్ అయిన మూడో రోజు వాడు మంచం మీద కూర్చుని ఆ కన్నుతో ఫోన్లో గేమ్ ఆడుతున్నాడు.

నేను నా కట్టు విప్పాక కుంకుమ పొట్లం అడిగాను. అమ్మ పర్సులో ఎప్పుడూ ఉంటుంది. కుడి కన్ను మూసి చూశాను. ఎరుపు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

నరం నలిగిన కొద్ది రోజుల్లో ఒత్తిడి తీసేస్తే చాలామందికి చూపు వెనక్కి వస్తుంది. నెలలు నలిగితే నరం పోగు ఎండిపోతుంది, మళ్లీ మొలవదు. పిల్లాడికీ నాకూ జబ్బు ఒకటే. తేడా పది రోజులకీ నాలుగు నెలలకీ ఉన్న తేడా, అంతే.

కుడి కన్ను మాత్రం దక్కింది. ఇప్పుడు మీకు స్క్రీన్ చూస్తూ మాట్లాడుతున్నానంటే దాని వల్లే. కానిస్టేబుల్‌కి రెండు కళ్లకీ విడివిడిగా చూపు సరిగ్గా ఉండాలి. కాబట్టి ఆ కథ అక్కడితో అయిపోయింది. పరుగు మాత్రం మానలేదు, ఇప్పటికీ పొద్దున్నే పరిగెడతాను.

ఆపరేషన్‌తో జబ్బు కూడా అయిపోలేదు. బూజు పడని ఒళ్లు అలాగే ఉంది కదా, మళ్లీ రావడం ఈ జబ్బు గుణం. రోజూ ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కుంటాను. కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, కుళాయి నీళ్లు నేరుగా వాడకూడదు. డాక్టర్ రాసిన స్ప్రే కొట్టుకుంటాను. కొన్ని నెలలకోసారి కెమెరా పెట్టి చూస్తారు. ఒకసారి చిన్న పాలిప్ మళ్లీ కనిపించింది, మొదట్లోనే మందుతో తగ్గించారు. వామి కదిలించే రోజు నేను చేను దగ్గరికి పోను. నాయన ఇప్పుడు ముఖానికి తువ్వాలు కట్టుకోకుండా కుప్ప ముట్టుకోడు. ఆ 15 రోజుల గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడడు. నేనూ అడగను.

మీరు చేయాల్సింది

జలుబు చేసిన ప్రతివాళ్లూ స్కాన్లకి పరిగెత్తమని చెప్పడం లేదు. జలుబు జలుబే, పోతుంది. కానీ ఇవి గుర్తు పెట్టుకోండి.

ముక్కు దిబ్బడ 12 వారాలు దాటితే, ముఖ్యంగా ఒక పక్కే ఎక్కువగా ఉంటే, వాసన పోతే, గట్టి జిగట ముద్దలు వస్తుంటే, ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. ముద్దల సంగతి సిగ్గుపడకుండా చెప్పండి, ఫోటో తీసి చూపించినా తప్పులేదు.

ముక్కు సమస్యతో పాటు కన్ను బయటికి వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, రంగులు వెలిసినా, చూపు మసకైనా, వారం ఆగకండి. పరీక్ష ఉందని, కోత ఉందని, పెళ్లి ఉందని ఆగకండి. ఆ రోజే పోండి. కంటి డాక్టర్‌కి ముక్కు గురించి చెప్పండి, ముక్కు డాక్టర్‌కి కన్ను గురించి చెప్పండి.

షుగర్ ఉన్నవాళ్లకి ముఖం ఒక పక్క మొద్దుబారడం, నల్లబడటం, కంటి చుట్టూ వాపు, నొప్పి ఉంటే అది అర్జెంట్. గంటలు లెక్క.

డబ్బు గురించి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఇప్పుడు పేరు మారింది, ఎన్టీఆర్ వైద్య సేవ. మీ కార్డుకి ఏ ఆపరేషన్ వస్తుందో, ఏ ఆసుపత్రిలో వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లని అడగండి. ఎద్దులు అమ్మే ముందు అడగండి. మేము అడగలేదు.

చివరిగా, ఈ వీడియో అయ్యాక రెండు పనులు చేయండి. రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఒకటి. ఎర్రటి వస్తువు ఏదైనా ఎదురుగా పెట్టుకోండి. టమాట, కుంకుమ, కోక్ మూత, ఏదైనా సరే. ఒక కన్ను అరచేత్తో మూయండి, నొక్కొద్దు. చూడండి. ఇప్పుడు రెండో కన్ను. ఎరుపు రెండు కళ్లకీ ఒకేలా ఉందా? ఇది డాక్టర్లు కూడా చేసే పరీక్షే. అంతా బాగుందని దీనితో సర్టిఫికెట్ రాదు, కానీ తేడా ఉంటే అది పెద్ద కబురు.

రెండు. ఫోన్లో గ్యాలరీ తెరిచి మూడు నాలుగేళ్లు వెనక్కి పోండి. సెల్ఫీలు కాదు, అవి ముఖాన్ని సాగదీస్తాయి. హాల్ టికెట్ ఫోటో, పెళ్లిలో ఎవరో ఎదురుగా తీసిన ఫోటో చూడండి. ఇప్పటి ఫోటో పక్కన పెట్టి కళ్లు పోల్చండి. నా 2019 ఇంటర్ హాల్ టికెట్ ఫోటో, 2022 ఫోటో పక్కపక్కన పెడితే ఎవరైనా చెప్పగలరు. మూడేళ్లు ఆ రెండు ఫోటోలూ నా ఫోన్లోనే ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూడటానికి ఎవరూ లేరు.

మీ ఇంట్లో, మీ హాస్టల్ గదిలో, దిండు కింద చుక్కల సీసా పెట్టుకుని పడుకునే వాళ్లు ఒకరైనా ఉంటారు. లైకులు, సబ్‌స్క్రైబ్‌లు మీ ఇష్టం. వాళ్లకి మాత్రం ఈ వీడియో పంపండి. పంపి ఊరుకోకండి, "ఒక కన్ను మూసి చూశావా?" అని అడగండి.

ఉంటాను. నమస్తే.